యేసమ్మత్త తనకోసం నేసుకున్న చాప

మా యేసమ్మత్త కోసం గుడిలో చావుగంట రెండుసార్లు కొట్టారు. మొదటిసారే జనం ఎక్కువ వచ్చారు. రెండోసారి, చాలా ఏళ్ళ తర్వాత, ఆవిడ నిజంగా పోయినప్పుడు వర్షం పడుతోంది, పైగా ఊడ్పుల కాలం, ఎవరి చేలో వాళ్ళున్నారు. మొదటిసారి మాత్రం ఊరు ఊరంతా కొల్లేటి గట్టు మీదికి వచ్చింది. ఆ సంగతి తలుచుకుని ఆవిడ బతికున్నన్నాళ్ళూ మురిసిపోయింది. "నా చావు ఎంత బాగా జరిగిందో నీకేం తెలుసురా" అనేది నాతో.

నిజమే, నాకు తెలీదు. నేనప్పటికి పుట్టలేదు. మా అమ్మ దేవకుమారి ఆవిడకి ఆడపడుచు. ఈ కథ కొంత అమ్మ చెప్పింది, కొంత అత్త చెప్పింది. ఇద్దరి మాటల్లో తేడా వచ్చిన చోటల్లా అత్త చెప్పిందే నిజమని తీసుకున్నాను. ఆవిడతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఇంటావంటా లేరు.

మండవల్లి దాటి కొల్లేటి అంచున ఉన్న పల్లె వాళ్ళది. అత్త తుంగచాపలు నేసేది. ముదినేపల్లి చుట్టుపక్కల ఆవిడ చాపకి పేరుండేది. తన చాప మీద నీళ్ళు పోస్తే చుక్క కిందికి దిగదని చెప్పేది. ఎవరైనా అనుమానంగా చూస్తే అక్కడికక్కడే చెంబెడు నీళ్ళు గుమ్మరించి చూపించేది. నీళ్ళు కిందికి దిగేవి కావు గాని, పక్కకి పారి కొనేవాడి కాళ్ళు తడిపేవి.

మా మావయ్య ఎలీయాజరు పడవ నడిపేవాడు, కొల్లేట్లో తుంగ కోసి తెచ్చి ఎండబెట్టి అత్తకిచ్చేవాడు. ఆయన నోటి నుంచి మాట రావడం అరుదు. అత్త చెప్పేదంతా విని చివర్న "సరే" అనేవాడు. పెళ్ళిలో పాస్టరు అయ్యగారు "ఈమెను భార్యగా స్వీకరించెదవా" అని అడిగినప్పుడు కూడా "సరే" అన్నాడట. పిల్లలు లేరు. ఆ లోటు అత్తకి ఉండేది, మావయ్యకి ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగినా ఏమంటాడో అందరికీ తెలుసు.

1936లో అత్తకి కడుపు పెరగడం మొదలైంది. అప్పటికి ఆవిడకి నలభై దాటాయి. ఇంకో ఊరైతే ఇదేదో జబ్బని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేవారు. మాది ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే పల్లె. పాస్టరు ఏలీయా అయ్యగారికి వెంటనే శారా గుర్తొచ్చింది. తొంభై ఏళ్ళ శారాకి బిడ్డనిచ్చిన దేవుడికి నలభై దాటిన యేసమ్మ ఒక లెక్కా? ఆదివారం వెనక ఆదివారం అదే ప్రసంగం. కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. పుట్టబోయేవాడికి శారా కొడుకు పేరే, ఇసాకు అని, పెట్టేశారు కూడా.

"ఆడపిల్ల పుడితేనండీ అయ్యగారూ?" అని అడిగింది అత్త.

"వాక్యంలో అలా లేదమ్మా" అన్నారాయన.

ఆడవాళ్ళు మామిడికాయ పచ్చళ్ళు పట్టుకొచ్చి పెట్టారు. బిడ్డ కదలడం లేదేమిటని అత్త బెంగపడితే మంత్రసాని కనకమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "బుద్ధిమంతుడమ్మా, తండ్రి పోలిక" అంది. దాంతో అందరి అనుమానం తీరిపోయింది. ఈ మాట తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది కూడా. ఒక మనిషి పొట్ట కుండలా ఉబ్బి, చేతులు పుల్లల్లా అయిపోతుంటే ఇంత ఊళ్ళో ఒక్కళ్ళకైనా అనుమానం రావద్దూ!

నెలలు నిండాయి. దాటిపోయాయి. ఇసాకు రాలేదు. అత్తకి ఆయాసం మొదలైంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. అయ్యగారు శారాని వదిలేసి, కష్టాల మీద కష్టాలు పడ్డ యోబు గ్రంథం మీద ప్రసంగించడం మొదలుపెట్టారు. అది విన్నాక మా అమ్మకి భయం వేసింది. ఆవిడే పట్టుబట్టి, అన్నయ్య చేత పడవ కట్టించి, వదిన్ని ఏలూరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ పెద్ద డాక్టరుగారు అత్తని చాలాసేపు చూశారు. పొట్ట నిండా నీరుంది. ఆ నీటి అడుగున గర్భసంచి పక్కన గట్టి గడ్డ తగులుతోంది. వీపు మీద వేళ్ళతో కొట్టి చూస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ కూడా నీరే. అండాశయంలో గడ్డ, కడుపులో నీరు, ఛాతీలో నీరు, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ఆ రోజుల్లో ఏ డాక్టరైనా క్యాన్సరనే చెప్పేవాడు. ఆయనా అదే చెప్పారు.

"ఇది రాచపుండు. ఛాతీదాకా పాకిపోయింది. ఇప్పుడు కత్తి పెట్టి లాభం లేదు. ఇంటికి తీసుకెళ్ళి, ఇష్టమైనవి వండి పెట్టండి."

"సరే" అన్నాడు మావయ్య.

జబ్బు పేరు విన్నప్పుడు అత్త ఏడవలేదు. ఆ "సరే" విన్నప్పుడు ఆవిడకి గుండె పగిలింది. పడవలో ఇంటికొచ్చేంతసేపూ ఆయన వైపు చూడలేదు. ఆయన గెడ వేస్తూ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు, ఎప్పటిలాగే.

మా వాళ్ళలో చనిపోయినవాళ్ళకి పెట్టె చేయించే స్తోమత ఏ ఒకరిద్దరికో ఉండేది. మిగతావాళ్ళని కొత్త చాపలో చుట్టి పాతిపెట్టేవారు. ఊళ్ళో చాపలు నేసేది ఇద్దరే, అత్తా, అచ్చమ్మా. ఎవరు పోయినా అత్త చాపకోసమే వచ్చేవారు. మరి అత్తే పోతే? ఆ ఆలోచన రాగానే ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది.

"అచ్చమ్మ చాపలో నేను పడుకోను. ఆ సందుల్లోంచి మన్ను రాలుతుంది. పునరుత్థానం దాకా మన్ను దులుపుకుంటూ కూర్చోమంటారా? నా చాప నేనే నేసుకుంటాను. అది అయ్యేదాకా చావను. అయ్యాక ఒక్క పూట కూడా ఆగను."

"సరే" అన్నాడు మావయ్య.

మగ్గం వేయించుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు పుల్లలు నేసి ఆయాసం తీర్చుకునేది, మళ్ళీ రెండు పుల్లలు నేసేది. అసలు ఇబ్బంది ఆయాసం కాదు, తుంగ. మావయ్య పొద్దున్నే పడవేసుకుని వెళ్ళి సాయంత్రానికి గుప్పెడు తెచ్చేవాడు. అదీ పొట్టిది, నల్లబడింది, మధ్యలో విరిగింది. అత్త దాన్ని వాకిట్లోకి విసిరేసేది.

"ఏం మావా, కొల్లేరు ఎండిపోయిందా?"

"తుంగ లేదు" అనేవాడు.

కొల్లేట్లో తుంగ లేదనడం సముద్రంలో ఉప్పు లేదనడం లాంటిది. ఆ మాటకి అత్త ఎత్తుకునే తిట్లు అవతలి వీధిదాకా వినిపించేవి. ఆయన విని, మళ్ళీ మర్నాడు గుప్పెడు పాడు తుంగే తెచ్చేవాడు.

ఈలోగా అత్త మిగతా పనులు చక్కబెట్టుకుంది. తన భూస్థాపనకి ఏ పాట పాడాలో అయ్యగారికి చెప్పి, నాలుగుసార్లు పాడించి, శ్రుతి సరిచేసింది. ఒక బుధవారం ప్రార్థన కూడిక తన ఇంట్లో పెట్టించి, లోకంతో సమాధానపడి పోతానని చెప్పి, అందర్నీ పేరుపేరునా క్షమించింది.

"కనకమ్మా, నా కోడిపెట్టని కూరొండుకు తిని, నక్క ఎత్తుకెళ్ళిందన్నావు. క్షమించాను. అచ్చమ్మా, నీ చాపలు నావని చెప్పి సంతలో అమ్మావు. నా పేరు పాడయింది, అయినా క్షమించాను. అయ్యగారండీ, పాట మధ్యలో మీరు కునుకు తీస్తారు. మేం ఒక చరణం రెండుసార్లు పాడి మిమ్మల్ని లేపుతుంటాం. అదీ క్షమించానండీ."

అందరూ తలలు వంచుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ్ని చూడడానికి వచ్చేవాళ్ళు తగ్గారు.

ఆఖరికి మావయ్యకి రెండో పెళ్ళి కూడా కుదిర్చింది. పుష్పమ్మ అని ఒక విధవరాలుండేది, నెమ్మదస్తురాలు. "ఆవిడా మాట్లాడదు, నువ్వూ మాట్లాడవు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది మావా. నేను పోయాక చేసుకో" అంది అత్త, ఓరకంట ఆయన మొహం చూస్తూ.

"సరే" అన్నాడు.

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి మా అమ్మని దగ్గరికి పిలిచి అడిగింది. "దేవకుమారీ, నేను పోతే మీ అన్నయ్య ఒక్క పూటైనా అన్నం మానేస్తాడంటావా?"

"ఎందుకు మానడు వదినా" అంది అమ్మ. కాని ఆ మాటలో బలం లేదు. ఎందుకంటే అన్నయ్య అప్పుడు అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

చావుకి అత్త భయపడలేదని అందరూ అంటారు. నేను నమ్మను. భయపడే ఉంటుంది. కాని అంతకన్నా ఎక్కువ బాధ ఇదే. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తను ఉన్నా పోయినా ఒకటేనేమో అన్న అనుమానం. ఆ అనుమానం తీరకుండా పోవాల్సి వస్తుందని ఆవిడ కుమిలిపోయింది.

క్రిస్మస్ వెళ్ళిన కొన్నాళ్ళకి డాక్టర్ రాజకుమారిగారు మా ఊరొచ్చారు. వేలూరులో చదువుకుని, ఏలూరులో ఆ ఆస్పత్రికే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. పడవ మీద కొల్లేటి పల్లెలు తిరిగి మందులిచ్చేవారు. గుడి అరుగు మీద కూర్చుని పిల్లల నాలుకలు చూస్తుంటే ఏదో ఇంట్లోంచి పెద్ద కేకలు వినపడ్డాయి.

"ఎవరండీ ఆవిడ?"

"చచ్చిపోతున్నావిడండీ" అన్నారు పక్కనున్నవాళ్ళు.

"ఎప్పట్నించి?"

"దసరా ముందు నించండీ."

డాక్టరమ్మ చేతిలోని చెంచా కింద పెట్టి ఆ ఇంటికి నడిచారు. అత్తని పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేసి అదిమారు. గడ్డ నీటిలో అటు జరిగి, మళ్ళీ వచ్చి చేతికి తగిలింది. ఇంకోవైపు నుంచి నెట్టారు. మళ్ళీ అంతే. నున్నగా, గట్టిగా ఉంది.

"రాచపుండు అయితే చుట్టుపక్కలన్నీ పట్టుకుని కూర్చుంటుందమ్మా. ఇది కదులుతోంది. పైగా ఛాతీదాకా పాకిన జబ్బుతో ఇన్నాళ్ళు ఇంత గొంతుతో ఎవరూ కేకలెయ్యలేరు" అన్నారు.

"మరి ఇదేంటండీ?"

"తెలీదండీ. రాచపుండే కావచ్చు, ఎక్కువ అవకాశం దానికే. ఏ ఒక్కరికో మాత్రం చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, కాకుండా పోతుంది. తెరిచి చూస్తేగాని ఎవరూ చెప్పలేరు. తెరిచినప్పుడు ప్రాణం పోయినా పోవచ్చు. ఆలస్యం చేస్తే నేను తెరవడానికి కూడా ఉండదు."

"ఎలాగూ పోయేదానికి తెరిస్తే ఏమైందండీ? వస్తాను. కాని నా చాప అయ్యాకే వస్తాను. అక్కడ పోతే మీ ఆస్పత్రి దుప్పట్లో చుట్టేస్తారు, నాకు తెలుసు. ఈయనేమో తుంగ లేదంటున్నాడు."

మావయ్య గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. డాక్టరమ్మ మొహం చూశాడు, అత్త మొహం చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో తుంగ మోపులు దింపాడు. నిలువెత్తు పుల్లలు, చక్కగా ఎండినవి, బంగారు రంగు తిరిగినవి. అత్త నోరు తెరుచుకు చూసింది.

"ఇంత ఎండిన తుంగ రాత్రికి రాత్రి ఎక్కడ మొలిచింది మావా?"

"దొరికింది" అన్నాడు.

అడగడానికి అత్తకి ఓపిక లేదు, టైమూ లేదు. మా అమ్మ తుంగ అందిస్తుంటే ఆ వారంలోనే చాప ముగించింది. తన జీవితంలో అంత మంచి చాప నేయలేదట. ఎర్ర అంచు వేసింది. దాన్ని చుట్టించి పడవలో పెట్టించుకుని ఆస్పత్రికి బయల్దేరింది.

ఆపరేషను గది బయట వరండాలో మావయ్య ఆ చాపచుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద డాక్టరుగారికి ఈ ఆపరేషను ఇష్టం లేదు. "తెరుస్తావు, చూస్తావు, మూసేస్తావు. అంతకన్నా చేసేదేమీ ఉండదమ్మా" అని డాక్టరమ్మతో ముందే అన్నారు. తెరిచారు. ముందు బిందెలకొద్దీ నీరొచ్చింది. తర్వాత గడ్డ. కొబ్బరికాయంత ఉంది, తెల్లగా, రాయిలా గట్టిగా, ఎడమ అండాశయానికి కాయ వేలాడినట్టు వేలాడుతోంది. కడుపులో ఇంకెక్కడా గింజంత కూడా పాకలేదు. పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కుని వచ్చి తనే స్వయంగా వెతికి చూశారు. ఏమీ కనపడలేదు. "నేను తప్పు చెప్పానమ్మా. నీ స్థానంలో ఉంటే నేను తెరిచేవాణ్ణి కాదు" అన్నారు. మంచాయన. గడ్డలో ముక్క మద్రాసు పంపితే, ఇది రాచపుండు కాదు, ఉత్త నారగడ్డ, ప్రమాదం లేనిదని జవాబొచ్చింది.

అంతకన్నా వింత ఇంకోటి జరిగింది. ఛాతీలో నీటిని ఎవరూ తీయలేదు, సూదైనా గుచ్చలేదు. గడ్డ తీసిన కొన్నాళ్ళకి దానంతటదే ఇంకిపోయింది. పెద్ద డాక్టరుగారు రోజూ పొద్దున్నే వచ్చి అత్త వీపు మీద వేళ్ళతో కొట్టి, "ఎక్కడికి పోయింది?" అనేవారు.

"నన్నడుగుతారేంటండీ? నేనేమైనా తీసి దాచుకున్నానా?" అనేది అత్త.

గాజుసీసాలో పెట్టిన గడ్డని చూపించమని పట్టుబట్టింది. కోసినచోట పేనిన దారాల్లా అల్లుకుని ఉంది. చాలాసేపు చూసి, "ఇదాండీ ఇసాకు?" అంది. "నేత బానే ఉంది. అంచు వెయ్యలేదు." ఆ రోజు నుంచి నర్సులందరూ ఆ సీసాని ఇసాకు అనే పిలిచారట.

ఒకటి రెండేళ్ళ తర్వాత, అమెరికాలో ఒక డాక్టరు సరిగ్గా ఇలాంటి ఆడవాళ్ళ గురించే రాశారని ఏదో వైద్యపత్రికలో చదివి, డాక్టరమ్మ పడవేసుకుని వచ్చి మరీ అత్తకి చెప్పారు. అదే గడ్డ, రెండుచోట్లా అదే నీరు, అందరికీ రాచపుండనే అనుమానం, గడ్డ తియ్యగానే అందరికీ నయం. అత్త శ్రద్ధగా విని, "పాపం, వాళ్ళకీ శారా ప్రసంగం చెప్పుంటారండీ" అంది.

ఇక ఆస్పత్రి నుంచి ఇంటికి రావడం. ఎక్కువసేపు కూర్చోకూడదు, పడుకునే వెళ్ళాలని డాక్టరమ్మ చెప్పారు. మావయ్య పడవలో చాప పరిచి అత్తని పడుకోబెట్టాడు. కొల్లేరు మీదికి వచ్చేసరికి ఎండ మొహాన కొట్టింది. అత్త చాప రెండో కొస మీదికి లాక్కుని, నిండా కప్పుకుని నిద్రపోయింది.

గట్టు మీద బట్టలుతుకుతున్న కనకమ్మ ముందుగా చూసింది. పడవలో చుట్టిన చాప, చాపలో మనిషి ఆకారం, వెనక తల వంచుకుని గెడ వేస్తున్న మొగుడు. మా వైపు పడవ అలా వస్తే దానికి ఇంకో అర్థం ఉండదు. బట్టలు అక్కడే వదిలేసి గుడికి పరిగెత్తింది. గంట మోగింది.

ఆ గంట మావయ్యకీ వినపడింది. ఊళ్ళో ఎవరో పోయారనుకున్నాడు. దగ్గరికొచ్చేసరికి గట్టు నిండా జనం, ఏడుపులు. ఎవరు పోయారోనని ఆయనకీ మనసు పాడైంది. ఏడుస్తున్నవాళ్ళని కేకేసి అడగడం మర్యాద కాదు కదా. అందుకని, చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

అది చూసేసరికి ఊరంతా ఒక్కసారి గొల్లుమంది.

గంట చప్పుడికే మెలకువ వచ్చిందని అత్త తర్వాత ఒప్పుకుంది. "ఎవరెవరు ఎలా ఏడుస్తున్నారో కాసేపు విందామనుకున్నాను" అంది. అందరికన్నా గట్టిగా కనకమ్మ గొంతే. "నీ కోడిపెట్టని నేనే తిన్నానే యేసమ్మా, నక్క కాదే!" అని గుండెలు బాదుకుంది. పుష్పమ్మ ఒక పక్కన నిలబడి మెల్లగా ఏడ్చింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చిందని చాపసందులోంచి అత్త గమనించింది. మరి ఆ చాపలోంచి నీళ్ళు దిగవు గాని చూపు ఎలా దిగిందని నేనడిగితే, "ముందు కథ విను" అని కసిరింది.

శవాన్ని దించడానికి అచ్చమ్మ తన కొత్త చాప తెచ్చి గట్టు మీద పరిచింది. నలుగురు అత్తని ఎత్తి మోసుకొచ్చారు. కుట్లున్న మనిషిని జాగ్రత్తగా దించడానికి వచ్చారనుకుని మావయ్య పక్కకి తప్పుకున్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టారు. అత్త అంతదాకా ఓర్చుకుంది, ఇంక ఓర్చుకోలేకపోయింది.

"ఆ పాట కాదండీ అయ్యగారూ! నేను చెప్పింది అది కాదు!"

మోస్తున్నవాళ్ళు ఆవిడ్ని చాపతో సహా గభాలున అచ్చమ్మ చాప మీద వదిలేశారు. అప్పటికే నేలకి దించబోతున్నారు కాబట్టి కుట్లు ఊడలేదు. ఇద్దరు కొల్లేట్లో పడ్డారు. ప్రతి ఈస్టరుకీ పునరుత్థానం గురించి గంటసేపు ప్రసంగించే ఏలీయా అయ్యగారు అందరికన్నా ముందు పరిగెత్తి మండవల్లి రోడ్డెక్కారు.

అత్త చాప తొలగించుకుని లేవబోతూ పక్కన చెయ్యి ఆన్చింది. ఆన్చిన చెయ్యి అక్కడే ఆగింది. తన చాప కింద పరిచి ఉన్న అచ్చమ్మ చాపని వేళ్ళతో తడిమింది. నేత అచ్చమ్మదే, వదులుగా ఉంది. తుంగ మాత్రం అచ్చమ్మ తెచ్చుకునేది కాదు. పొడుగ్గా, నున్నగా, బంగారు రంగులో ఉంది.

"ఈ తుంగ ఎక్కడిదే అచ్చమ్మా?"

చచ్చి లేచిన మనిషి దగ్గర అబద్ధమాడే ధైర్యం ఎవరికుంటుంది?

"మీ ఆయనే ఇచ్చాడమ్మా. దసరా నించీ రోజూ సాయంత్రం మోపు తెచ్చి మా దొడ్లో పడేసేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. నువ్వు ఆస్పత్రికెళ్ళేముందు తెల్లారగట్ట వచ్చి, ఉన్నదాంట్లో మంచివన్నీ మళ్ళీ పట్టుకెళ్ళిపోయాడు."

అత్తకి కోపం నషాళానికి అంటింది. అచ్చమ్మకా! ఊళ్ళో ఇంతమంది ఉండగా అచ్చమ్మకా! గట్టు మీద అందరూ ఏడుపు ఆపి వినడానికి దగ్గరికి జరిగారు. మావయ్య పడవ పక్కన మోకాళ్ళలోతు నీళ్ళలో తలపాగా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకు తుంగ లేదని చెప్పి, కోసిందంతా దీనికి పోశావా మావా? ఎందుకు? నేను నీకేం ద్రోహం చేశాను?"

ఆయన తలపాగాని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"చాప అయిపోతే పోతానన్నావు" అన్నాడు.

అన్నాక, ఊరందరి ముందూ, ఆ నీళ్ళలోనే నిలబడి భోరున ఏడ్చాడు. ఆయన ఏడవడం మా అమ్మ ఎప్పుడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అత్త ఎంతెంత తిట్టినా రోజూ పాడు తుంగే తెచ్చిన చేతులు అవి. మంచిదంతా కోసి, ఆ మంచిదాన్ని ఆవిడకి అందకుండా చేసి, అలా ఒక్కొక్క రోజు ఆవిడ్ని ఇక్కడే ఆపుకున్నాడు.

అందరూ అత్త ఏమంటుందోనని చూశారు. తిట్లు మొదలవుతాయని పిల్లల్ని దూరంగా పంపినవాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ ఆయన వైపే చూస్తూ, కళ్ళు తుడుచుకుని, ఒక్క మాటతో సరిపెట్టింది.

"సరే" అంది.